సుతపా కుండు అడిగే మొదటి ప్రశ్న

సుతపా కుండుకి ముక్కు మీద కోపం అని మా గుంపులో అందరూ అంటారు. అబద్ధం. ముక్కు మీద కోపమైతే కాసేపటికి దిగిపోతుంది. ఆవిడది పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఉంటుంది, దిగేది లేదు. ఆ కోపాన్ని నేను మూడేళ్ళపాటు వెక్కిరించాను, పదిమందిలో పెట్టి నవ్వాను, ఆఖరికి దాని మీద ఫిర్యాదు కూడా చేశాను. ఆ ఫిర్యాదు సంగతే చెప్పబోతున్నాను. తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది, మధ్యలో నోరు జారితే ఏమీ అనుకోవద్దు.

గుంపంటే ఇంటర్నెట్లో గుంపు. ఎనభై వేలమంది బెంగాలీలున్నారు అందులో. కంప్యూటర్ మొరాయిస్తే చాలు, వచ్చి రాసేస్తారు. ప్రింటర్ కాగితం నమిలేస్తోందని ఒకరు, తెర నీలంగా మారి కూర్చుందని ఒకరు, అక్షరాలు బెంగాలీలో కొడుతుంటే డబ్బాలు పడుతున్నాయని ఇంకొకరు. మేమొక నలభై మందిమి ఊరికే జవాబులు చెప్తుంటాం. నేనుండేది కోల్‌కతా పక్కన టీటాగఢ్‌లో. మా తాత శ్రీకాకుళం నుంచి జనపనార మిల్లులో పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయాడు, నేను అదే మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. గుంపులో నన్ను నాయుడుదా అంటారు, అంటే నాయుడన్న. గురువుని కూడాను. వెయ్యి చుక్కలు దాటినవాడు గురువు.

ఈ చుక్కలొకటి పెట్టాడు దేబాంజన్. గుంపుకి యజమాని వాడే. అడిగినవాళ్ళు "సమస్య తీరింది" అని నొక్కితే జవాబు చెప్పినవాడికి ఒక చుక్క పడుతుంది. దానికి తోడు ఇంకో రూలు, ఏ ప్రశ్నకైనా అయిదు నిమిషాల్లో జవాబు పడాలి. పడకపోతే జనం వేరే గుంపుకి పోతారట. అయిదు నిమిషాల్లో ఏం చెప్తాం, మన మొహం? అందుకని మేమంతా ముందే జవాబులు రాసి పెట్టుకున్నాం. నా దగ్గర ఇరవై ఆరు ఉండేవి. నెమ్మదిగా ఉంటే నాలుగో నంబరు, నెట్టు రాకపోతే పదకొండు, శబ్దం రాకపోతే పదిహేడు. ప్రశ్నలో మొదటి ముక్క చూడ్డం, అతికించడం, "కంగారు పడకండి మేడమ్" అని చివర్లో ఒక నమస్కారం పెట్టడం. ఇదీ మా సేవ, ఏడిసినట్టుంది.

సుతపాది వేరే దారి. చుంచుడాలో, నది వైపు కిటికీ ఉన్న గదిలో కూర్చుంటుంది. యాభై రెండేళ్ళ మనిషి. స్నానం చేసి, జుట్టు విరబోసుకుని, గిన్నెలో మరమరాలు పోసి ఆవనూనె కలిపి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఒక్కొక్క ప్రశ్నా చదువుతుంది. తన కంప్యూటర్‌కి పక్క రేకు ఉండదు, ఎప్పుడో పీకి అవతల పారేసింది. "మూత పెడితే దాని మాట నాకెలా వినబడుతుంది?" అంటుంది. ఎవరు ఏమడిగినా ఆవిడ మొదట జవాబు చెప్పదు. ఒకటే ప్రశ్న వేస్తుంది: "పోతే ఏడ్చేది ఏముంది దాంట్లో?"

జనం బిత్తరపోయేవాళ్ళు. "దీదీ, నా మౌస్ కదలట్లేదు, అంతే" అనేవాడు పాపం ఒకడు. "మౌస్ సంగతి కాదురా, డిస్కులో ఏముందని అడిగాను. కాపీ ఉందా? లేదా? లేకపోతే ముందు కాపీ తీసుకునిరా, అప్పుడు మాట్లాడతా" అని కసిరేది. వాళ్ళు ఝడుసుకుని, మర్యాదగా మాట్లాడే నా దగ్గరికొచ్చేవాళ్ళు. నాకు చుక్క పడేది.

ఆ ప్రశ్న ఎందుకు పట్టుకుందో తరవాత తెలిసింది నాకు. ఒకప్పుడు చుంచుడాలో ప్రింటింగ్ ప్రెస్సులో టైపు కొట్టేది. అక్కడికొక ముసలాయన వచ్చేవాడట, నది మీద చేపలు పట్టేవాళ్ళ మాటలన్నీ ఇరవై ఏళ్ళు తిరిగి పోగుచేసినాయన. వలల పేర్లు, గాలుల పేర్లు, పడవలో ఒక్కో చెక్క పేరు. అవన్నీ సుతపా చేతే కొట్టించాడు. ఒకరోజు మిషను తెరుచుకోకపోతే, కోల్‌కతా నుంచి ఎవడో ఫోన్లో "మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించమ్మా, పది నిమిషాల పని" అన్నాడు. ఎక్కించింది. మిషను బ్రహ్మాండంగా తెరుచుకుంది. ముసలాయన మర్నాడొచ్చి విని, "పర్లేదు తల్లీ" అని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. "చెంప పగలగొట్టి ఉంటే ఆయన్ని ఎప్పుడో మర్చిపోయేదాన్ని నాయుడూ" అని నాతో అంది సుతపా.

ఇక అసలు సంగతి. మొన్న భాద్రపదంలో, దుర్గాపూజకి ఇంకా నెలరోజులుందనగా, పొద్దున పదకొండింటికి గుంపులో ఒక ప్రశ్న పడింది. రాసింది ఝర్ణా బసాక్, ఊరు ఫులియా. "దాదా, కంప్యూటర్ చాలా నెమ్మదిగా ఉంది. లోపల టిక్ టిక్ అంటోంది. పూజ పని ఉంది, దయచేసి చెప్పండి." కింద పన్నెండు సెకన్ల వీడియో.

నేను "నెమ్మదిగా" దగ్గర ఆగిపోయాను. వీడియో తెరవలేదు. ఆఫీసులో ఉన్నాను, చెవిలో పెట్టుకునేది సంచీలో ఉంది, తియ్యడానికి బద్ధకం. అంతే, వేరే కారణమేం లేదు. నాలుగో నంబరు అతికించాను: డిస్కుని మొత్తం వెతికి లోపాలు సరిచేసే పని మొదలుపెట్టండి, నాలుగు గంటలు పడుతుంది, మధ్యలో మాత్రం ఆపొద్దు, మీ పని మీరు చూసుకోండి, కంగారు పడకండి మేడమ్. రెండు నిమిషాల్లో జవాబిచ్చానని మురిసిపోయాను కూడా.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసింది. "మొదలెట్టాను దాదా, తిరుగుతోంది. మీ పుణ్యం. నేను మగ్గాల దగ్గరికి వెళ్తున్నా" అని రాసి, తీరకముందే "సమస్య తీరింది" నొక్కింది. చుక్క పడింది.

ఒంటిగంటకి రేషన్ క్యూ నుంచి ఇంటికొచ్చింది సుతపా. వీడియో వింది. నా జవాబు కింద ఇలా రాసింది: "ఆపు! ఇప్పుడే ప్లగ్గు పీకెయ్! చచ్చిపోతున్న డిస్కది, దాన్ని పరిగెత్తిస్తున్నారు! ఈ సలహా ఇచ్చిన గాడిద కొడుక్కి చెవులున్నాయా? నాయుడూ, నీ నాలుగో నంబరు తగలెయ్య!"

ఎనభై వేలమంది చూసే చోట గాడిద కొడుకంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొదటి వాక్యం కళ్ళు చదివాయి, బుర్ర చదవలేదు. బుర్రంతా గాడిద దగ్గరే ఉంది. ఫిర్యాదు మీట నొక్కాను. గురువు ఫిర్యాదు చేస్తే దేబాంజన్ వచ్చి చూసేదాకా ఆ రాత మాయమైపోతుంది. అది కూడా వాడు పెట్టిన రూలే. మాయమైంది. "ప్లగ్గు పీకెయ్" అన్న మాట కూడా దాంతోపాటే పోయింది. పావుగంటలో దేబాంజన్ వచ్చి, "మర్యాద మన గుంపు ప్రాణం" అని ఒక నీతి రాసి, సుతపాని వారం రోజులు బయటికి తోసేశాడు. నేను ఆ నీతికి చప్పట్ల బొమ్మ పెట్టాను. మీరు నన్ను ఏం తిట్టుకున్నా పడతాను.

ఫోన్ మోగింది. సుతపా.

"ఎందుకు తీయించావురా దాన్ని?"

"మీరు ఆ భాష వాడితే..."

"నా భాష సంగతి తరవాత ఏడుద్దువు గాని, వీడియో విన్నావా? నిజం చెప్పు."

నేను సంచీలో చెవిలో పెట్టుకునేదాని కోసం వెతకడం మొదలెట్టాను.

"విను. ఫోన్ పెట్టేసి విని, మళ్ళీ చెయ్."

విన్నాను. పన్నెండు సెకన్లు. టిక్, టిక్, ఒక చిన్న గీరుడు, మళ్ళీ టిక్. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, మొదటి టిక్కుకే తెలిసిపోయింది. లోపల చదివే ముల్లు పళ్ళేన్ని తన్నుతోంది. అలాంటిదాన్ని ఆపి, కదిలించకుండా, ఉన్నది ఉన్నట్టు వేరేచోటికి దింపుకోవాలి. దాని చేత ప్రతి మూలా వెతికించమని చెప్పాను నేను. నాలుగు గంటలు ఆపొద్దని కూడా చెప్పాను.

వెంటనే ఝర్ణాకి పది మెసేజ్‌లు కొట్టాను. ఒక్కటీ చూడలేదు. తన పని తనని చూసుకోమన్నారు కదా అని ఫోన్ ఇంట్లో ఛార్జింగులో పెట్టి మగ్గాల పాకకి వెళ్ళిపోయిందని తరవాత తెలిసింది. నంబరు లేదు, ఇల్లు తెలీదు. సుతపాకి ఫోన్ చేస్తే నన్ను తిట్టడం కూడా మానేసింది.

"వీడియోలో గోడ మీద క్యాలెండరుంది చూశావా? నూలు కొట్టు వాడు ఇచ్చిందది. నంబరుంది. ఆఖరు రెండంకెలు అలుక్కుపోయాయి, మొదటిది మూడో ఎనిమిదో. నువ్వు మూడుతో మొదలెట్టు, నేను ఎనిమిదితో మొదలెడతా. దొరికేదాకా కొట్టు."

మొదటి నంబరుకి కృష్ణనగర్‌లో ఒక హోమియోపతి డాక్టరు దొరికి, రోగమేంటని అడిగాడు. రెండోదానికెవరో నాకు లోను కావాలా అన్నారు. ఆరోదో ఏడోదో సుతపాకి తగిలింది. నూలు కొట్టు ముసలాయన, పేరు నితాయి. లైను కలిపి నన్ను కూడా వినమంది.

"ఝర్ణా బసాకా? ఇక్కడ రాయి విసిరితే ఏదో ఒక బసాక్ నెత్తి మీదే పడుతుంది తల్లీ. ఝర్ణాలే నలుగురున్నారు" అన్నాడాయన తాపీగా.

"కంప్యూటర్ ఉన్న ఝర్ణా!"

"ఆఁ, చీరలకి బొమ్మలు గీసే ఝర్ణానా! హరిపద కోడలు. సాయంత్రం ఇటే వస్తుంది, చెప్తాలే."

"సాయంత్రం కాదయ్యా స్వామీ! కొట్టు వదిలేసి ఇప్పుడే పరిగెత్తు. వాళ్ళింట్లోకి పోయి కంప్యూటర్ ప్లగ్గు పీకెయ్. ఇల్లు తగలబడుతోందనుకో!"

ఆయన నిజంగానే ఇల్లు తగలబడుతోందనుకున్నాడు. సైకిలేసుకుని, ఇద్దర్ని బిందెలతో వెంటపెట్టుకుని వెళ్ళాడట. ప్లగ్గు పీకేసరికి రెండింటికి ఇంకా పది నిమిషాలుంది. అంటే మూడు గంటలకి కాస్త తక్కువగా, ఆ డిస్కుని చిత్రహింస పెట్టాన్నేను. అందులో ఆఖరి ముప్పావుగంట, సుతపా ఆపమన్నాక నడిచింది. ఆ రాత ఉండి ఉంటే ఫులియా వాళ్ళెవరైనా చూసి పరిగెత్తేవాళ్ళేమో. ఆ ముప్పావుగంట అచ్చంగా నా ఫిర్యాదుది.

మర్నాడు సుతపా లాంచీలో నది దాటి నైహాటీ వచ్చింది. నేను టీటాగఢ్‌లో ఎక్కిన శాంతిపూర్ లోకల్ రైలే ఆవిడా అక్కడ ఎక్కింది. పెట్టె నిండా జనం, ఆవిడ నా ఎదురుగానే నిలబడి, ఫులియా దాకా నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. రాణాఘాట్‌లో నేను టీ ఇవ్వబోతే మొహం తిప్పుకుంది.

ఝర్ణాకి ముప్పై అయిదుంటాయి. సన్నగా, కళ్ళద్దాలతో, చేతి వేళ్ళకి రంగు మరకలతో ఉంది. ఆవిడ మామగారు హరిపద మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి. ఆయన యాభై ఏళ్ళు గడుల కాగితం మీద చీరల బొమ్మలు గీశాడు. చేతులు పట్టు తప్పాక, కోడలు కంప్యూటర్ నేర్చుకుని, ఆ కాగితాలన్నీ ఒక్కో గడీ చూసి అందులో నింపింది. పదకొండేళ్ళ పని. మూడువందల నలభై బొమ్మలు. మొన్నటి గాలివానకి రేకులెగిరిపోయి కాగితాలు ముద్దయిపోయాయి. "పోతే పోయాయి, కంప్యూటర్లో ఉన్నాయిగా" అని పారేశారట. ఆ డిస్కులోంచి వచ్చే బొమ్మలతోనే మగ్గాలకి తగిలించే చిల్లుల అట్టలు కొట్టాలి. పూజ చీరల కోసం పద్నాలుగు మగ్గాలు ఆగి ఉన్నాయి, నేసేవాళ్ళు గుమ్మం బయట నిలబడి మమ్మల్నే చూస్తున్నారు.

సుతపా అడగాల్సిన ప్రశ్న అడగలేదు. జవాబు గదంతా ఉంది.

డిస్కు విప్పి తన మిషనుకి తగిలించి, చెవి ఆనించింది. టిక్కు కూడా లేదు. చెక్క మీద మేకు గీసినట్టు ఒకటే గీరుడు. వెంటనే ఆపేసింది.

"పళ్ళెం గీసుకుపోయిందమ్మా" అంది. ఆవిడ గొంతు అంత మెల్లగా ఉండగా అదే వినడం. "కోల్‌కతాలో విప్పి చూసే చోటుంది, తీసుకెళ్తాను. కానీ ఆశ పెట్టుకోకు. అబద్ధం చెప్పలేను."

తీసుకెళ్ళింది కూడా. వాళ్ళూ అదే మాట చెప్పారు.

ఝర్ణా ఏడవలేదు. "ఎప్పుడు ఆపాల్సింది దీదీ?" అంది.

"ఆ చప్పుడు వినగానే."

"నేను వినిపించాను కదా! అందుకేగా వీడియో పెట్టాను? నాకు తెలీకే కదా అడిగాను? ఆ మొదట చెప్పినాయన వినలేదా?"

సుతపా నా వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. ఆవిడ నోటికి అడ్డే లేదని మూడేళ్ళు ప్రచారం చేసినవాణ్ణి నేను.

"నేనే" అన్నాను. "నాయుణ్ణి. వినలేదు."

ఝర్ణా కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. తరవాత లేచింది. "మీరా? ఎంత మర్యాదగా రాశారండీ! ఇంత మంచివారు ఉంటారా అని మా మామగారికి చదివి వినిపించాను. చుక్క కూడా ఇచ్చానే! పదకొండేళ్ళు కళ్ళు పొడుచుకుని గడులు నింపాను నేను. ఒక్కో చీరకి లక్ష గడులు. మీకు పన్నెండు సెకన్లు వినడానికి తీరికలేదూ? తీరిక లేకపోతే ఎందుకు చెప్పారు? మిమ్మల్ని చెప్పమని ఎవరు కొట్టారు? నోరు మూసుకుని ఉంటే ఈ దీదీ వచ్చేదాకా అది అలాగే ఉండేదిగా!"

బయట నేతగాళ్ళలో ఒకాయన "కొట్టండ్రా వాణ్ణి" అన్నాడు. కొట్టి ఉంటే నిలబడేవాణ్ణి. ఎవరూ కొట్టలేదు.

తిరిగొచ్చాక దేబాంజన్‌కి ఫోన్ చేశాను. ఆ చుక్క తీసెయ్, సుతపా రాత వెనక్కి పెట్టు, అయిదు నిమిషాల రూలు ఎత్తెయ్ అన్నాను. "ఒక్క కేసుకి ఇంత ఇదైపోతే ఎలా నాయుడుదా? మీ రికార్డు చెడిపోతుంది. పైగా ఆవిడ క్షమాపణ చెప్తే వచ్చేస్తుందిగా" అన్నాడు చాలా మర్యాదగా. వాణ్ణి నేను ఆ రోజు తిట్టిన తిట్లు సుతపా కూడా వినుండదు. నా ఇరవై ఆరు జవాబులూ చెరిపేసి, గుంపులోంచి బయటికొచ్చేశాను. సుతపా క్షమాపణ చెప్పనూ లేదు, వెనక్కి వెళ్ళనూ లేదు. తన ఫోన్ నంబరు పెద్దక్షరాలతో రాయించి నితాయి కొట్టు గోడ మీద అంటించింది. ఫులియాలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఇప్పుడు తిట్లు నేరుగా ఫోన్లోనే తింటున్నారు. ప్రతి ఇంట్లోనూ రెండేసి కాపీలున్నాయి.

బొమ్మలు తిరిగి తేవడానికి ఒకటే దారి మిగిలింది. ఊళ్ళో ఆడవాళ్ళ పెట్టెల్లో ఉన్న పాత చీరలు. వాటిని పరిచి, భూతద్దం పెట్టి, పోగు పోగూ లెక్కపెట్టి, గడుల కాగితం మీద నింపాలి. ఆదివారాలు నేను వెళ్తున్నాను. రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. ఝర్ణా నా ముందు ఒక చీర పడేస్తుంది, టీ గ్లాసు పెడుతుంది, మాట్లాడదు.

మొదటి బొమ్మ పూర్తి చెయ్యడానికి నాకు ఏడు ఆదివారాలు పట్టింది. పూజలు ఎప్పుడో అయిపోయాయి. కొంగు మీద వచ్చే తామరతీగ. ఎన్నోసార్లు ఉతికిన చీర, పోగులు అటూ ఇటూ జరిగిపోయాయి, అయినా మూడేసిసార్లు లెక్కపెట్టి నింపాను. ఝర్ణా తప్పులేమీ పట్టలేకపోయింది. కాగితం తీసుకెళ్ళి హరిపద చేతుల్లో పెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆయన వణికే చేతుల్తో దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూశాడు. తీగ వెంట వేలు పెట్టి కొసదాకా నడిపించాడు. మళ్ళీ మొదటికొచ్చాడు.

"బాగుంది" అన్నాడు. "కానీ ఇది నాది కాదమ్మా."

ఝర్ణా ఆ కాగితం తీసుకుని నా దగ్గరికొచ్చింది. నాలుగుగా మడిచి పొయ్యి పక్కన పెట్టి, కొత్త కాగితం నా ముందు పరిచింది.

"మళ్ళీ లెక్కపెట్టండి" అంది. ఇన్ని వారాల్లో నాతో మాట్లాడిన మొదటి మాట అది.